మీ పొలం మీదుగా వీడ్ డిస్ట్రిక్ట్ గీత పడుతోందా? వాషింగ్టన్ రాష్ట్రంలో హియరింగ్‌కు సిద్ధపడే పద్ధతి

మీరుండేది సియాటిల్ పక్కన, పొలం ఉన్నది కాస్కేడ్ కొండలకు తూర్పున అయితే కౌంటీ నుంచి వచ్చే ఉత్తరాలను తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టేయడం తేలిక. ఆ కాగితంలో ‘వీడ్ డిస్ట్రిక్ట్’, ‘పబ్లిక్ హియరింగ్’ అన్న మాటలు కనబడితే మాత్రం అదే రోజు చదవండి. మీ భూమిలో ఏ మొక్క ఉండకూడదో, దాన్ని ఎవరు తీయాలో, ఆ ఖర్చులో మీ వాటా ఎంతో తేల్చే పని మొదలైందన్నమాట.

వీడ్ డిస్ట్రిక్ట్ అంటే కలుపు నివారణ కోసం హద్దులు గీసి ఏర్పాటు చేసే చిన్న స్థానిక వ్యవస్థ. ముగ్గురు డైరెక్టర్లు నడుపుతారు. హద్దుల లోపల భూమి ఉన్నవాళ్ళు ఏటా కొంత సొమ్ము కడతారు. దాన్ని అసెస్‌మెంట్ అంటారు, మన నీటి తీరువా లాంటిదే. గ్రాంట్ కౌంటీలో కొలంబియా బేసిన్ ప్రాజెక్టు నీళ్ళు పారే ప్రాంతంలో ఇలాంటి డిస్ట్రిక్టులు ఉన్నాయి.

నేను వీటికి వ్యతిరేకిని కాను. కాలువ నీళ్ళతో, గాలితో, ఎండుగడ్డి కట్టలతో, కోత యంత్రాల చక్రాలతో ఊళ్ళు దాటే కలుపును ఒక్క రైతు తన కంచె లోపల ఆపలేడు. కలిసి చేయాల్సిన పని అది. కాని హద్దులు సరిగ్గా పడకపోతే, రాళ్ళ బీడు ఉన్నవాళ్ళు కాలువ కింద తోటలున్నవాళ్ళ ఖర్చు మోయాల్సి వస్తుంది. ఆ తేడా సరిచేయించుకునే చోటు ఈ హియరింగే. అందుకే ఎటువైపు మాట్లాడినా సరే, లెక్కలతో వెళ్ళమంటాను.

కోస్తా, రాయలసీమ రైతు కుటుంబాల్లో పెద్దవాళ్ళకు కలుపు చట్టం కొత్త సంగతేమీ కాదు. 1919 నాటి మద్రాసు వ్యవసాయ తెగుళ్ళ చట్టం కింద ప్రభుత్వం ఒక మొక్కను హానికర కలుపుగా ప్రకటించి, పీకేయమని రైతుకు ఆజ్ఞ ఇవ్వగలదు. పీకకపోతే తానే పీకించి ఖర్చు వసూలు చేయగలదు. అక్కడ ఆజ్ఞ పైనుంచి వస్తుంది. వాషింగ్టన్‌లో వీడ్ డిస్ట్రిక్ట్ కింది నుంచి, భూమి ఉన్నవాళ్ళ పిటిషన్‌తో మొదలవుతుంది. ఈ తేడా గుర్తుంటే హియరింగ్‌లో ఏ మాటకు బరువుంటుందో తెలుస్తుంది.

మొదటి పని: ఇది ఏ హియరింగో తేల్చుకోండి

నోటీసులో వాషింగ్టన్ రాష్ట్ర చట్టాల సంపుటి (ఆర్‌సీడబ్ల్యూ) అధ్యాయం అంకె ఉంటుంది. దాన్నిబట్టి మీరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తుంది.

17.04 అని ఉంటే అది కొత్త వీడ్ డిస్ట్రిక్ట్ గురించి. ప్రతిపాదించిన ప్రాంతంలో సగానికి మించిన ఎకరాలు ఉన్న భూయజమానులు, ఒక్కరైనా పదిమందైనా, కౌంటీని నడిపే ఎన్నికైన కమిషనర్లకు పిటిషన్ పెడితే దానిమీద హియరింగ్ జరుగుతుంది.

17.10 అని ఉంటే సంగతి వేరు. అది 1969లో వచ్చిన చట్టం. దాని ప్రకారం ప్రతి కౌంటీకీ ఒక కలుపు బోర్డు ఉంటుంది, కొన్నిచోట్ల పని చేయకుండా ఊరికే ఉంటుంది. దాన్ని మేల్కొలపడానికి ఆ కౌంటీలో నమోదైన 100 మంది ఓటర్లు పిటిషన్ పెట్టవచ్చు. 60 రోజుల్లోగా కమిషనర్లు హియరింగ్ జరపాలి. తమంతట తామే కూడా జరపవచ్చు. అవసరం ఉందని తేలితే అయిదుగురిని బోర్డులో నియమిస్తారు. హియరింగ్ జరిగి ఏడాదైనా బోర్డు కదలకపోతే 200 మంది ఓటర్లు రాష్ట్ర కలుపు బోర్డుకు పెట్టుకోవచ్చు. పక్క కౌంటీ కలుపు బోర్డులో ఎక్కువమంది సంతకం చేసినా చాలు. పక్క కౌంటీకి ఈ హక్కు ఇచ్చారంటే చట్టం రాసినవాళ్ళకు కలుపు స్వభావం బాగా తెలుసన్నమాట.

మూడో రకం, ఉన్న డిస్ట్రిక్ట్ లేదా బోర్డు అసెస్‌మెంట్ రేట్లు, భూముల తరగతులు మార్చడానికి పెట్టే హియరింగ్. అక్కడికి వెళ్ళి ‘అసలు ఈ డిస్ట్రిక్టే వద్దు’ అని మాట్లాడితే మీ సమయమంతా వృథా.

గ్రీన్ కార్డు మీదో, వీసా మీదో ఉన్న తెలుగువాళ్ళు ఒక్క సంగతి గమనించండి. 17.10 పిటిషన్‌కు ఓటరు సంతకం కావాలి, అంటే పౌరసత్వం ఉండాలి. 17.04 పిటిషన్‌కు కావాల్సింది భూయజమాని సంతకం. కాబట్టి ‘నాకు ఓటు లేదు కదా, నేనెందుకు’ అనుకుని ఇంట్లో కూర్చోకండి. హియరింగ్‌లో మాట్లాడటానికీ ఓటు అక్కర్లేదు.

మీ భూమి వ్యోమింగ్‌లోనో మోంటానాలోనో ఉంటే ఈ వ్యాసంలో చాలా భాగం వర్తించదు. వ్యోమింగ్‌లో 1973 చట్టం నుంచి ప్రతి కౌంటీ మొత్తం ఒక డిస్ట్రిక్టే, మోంటానాలోనూ కౌంటీ అంతటికీ ఒకటే ఉంటుంది.

రెండో పని: ఫైలు తెప్పించుకోండి

నోటీసు ఒకటి రెండు పేజీలే ఉంటుంది. అసలు సరుకు పిటిషన్‌లో ఉంటుంది. ప్రతిపాదిత హద్దులు, సుమారు ఎకరాలు, ఏయే కలుపు మొక్కలు, వాటిని ఏ పద్ధతిలో తీస్తారు, లోపల భూమి ఉన్నవాళ్ళ పేర్లు అన్నీ అందులో ఉండాలి. కమిషనర్ల బోర్డు క్లర్క్‌కు ఈమెయిల్ రాసి పిటిషన్ నకలు, దానికి జతచేసిన మ్యాపు, సంతకాల పేజీలు అడగండి. వాషింగ్టన్ పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం మీ అభ్యర్థనకు 5 పనిదినాల్లో జవాబు రావాలి. ఆ జవాబు ‘ఇన్ని రోజులు పడుతుంది’ అన్నది కూడా కావచ్చు. అందుకని నోటీసు అందిన రోజే అడగండి. హియరింగ్‌కు మూడు రోజుల ముందు అడిగితే ఏం లాభం?

మూడో పని: ఎకరాల లెక్క చూడండి

ఇక్కడ తలలు లెక్కపెట్టరు, ఎకరాలు లెక్కపెడతారు. 40 మంది చిన్న యజమానులు వద్దన్నా, సగానికి మించిన భూమి ముగ్గురి చేతిలో ఉండి వాళ్ళు కావాలంటే పిటిషన్ నిలుస్తుంది. ఇది న్యాయమా అన్న చర్చ వేరే చోట పెట్టుకోవాలి. హియరింగ్ గదిలో ఆ చర్చతో మీకు ఒరిగేదేమీ లేదు.

అయితే ఆ సగం దాటిందా లేదా అన్నది మీరే సరిచూడవచ్చు. కౌంటీ అసెసర్ (భూముల విలువ కట్టే అధికారి) వెబ్‌సైటులో పార్సెల్ నంబరు, అంటే మన సర్వే నంబరు లాంటిది, కొడితే యజమాని పేరు, ఎకరాలు వస్తాయి. దస్తావేజులు కౌంటీ ఆడిటర్ దగ్గర నమోదవుతాయి. సంతకాల జాబితాను వీటితో పోల్చండి. ఉదాహరణకు ప్రతిపాదిత ప్రాంతం 5,200 ఎకరాలు, సంతకాలు చేసినవాళ్ళది 2,640 ఎకరాలు అనుకుందాం. సగం 2,600 కాబట్టి దాటినట్టే. కాని సంతకం చేసిన ఒకాయన తన 80 ఎకరాలు అప్పటికే అమ్మేసి ఉంటే మిగిలేది 2,560. పిటిషన్ అక్కడే కుంటుపడుతుంది. ఇలాంటిది కనబడితే పార్సెల్ నంబరు, దస్తావేజు తేదీతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. ‘అన్నీ దొంగ సంతకాలే’ అని నోటితో అనకండి. అంటే ఆ మాటతో పాటు మీ అసలు ఆధారం కూడా చులకనైపోతుంది.

నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పేరుతో భూమి కొనడం మనవాళ్ళలో కద్దు. అలాంటి భూమికి యజమాని ఎల్‌ఎల్‌సీ. దాని తరఫున సంతకం చేసే అధికారం ఎవరికుందో మీ ఆపరేటింగ్ అగ్రిమెంట్‌లో చూసుకోండి. ఒకరు అనుకూలంగా, మరొకరు వ్యతిరేకంగా ఉత్తరాలు పంపితే కమిషనర్లు రెంటినీ పక్కన పెడతారు. ముందు మీలో మీరు మాట్లాడుకుని ఒకే ఉత్తరం పంపండి. నోటీసు ఎల్‌ఎల్‌సీ రిజిస్టర్డ్ ఏజెంటు చిరునామాకో, పన్ను కట్టే చిరునామాకో వెళ్ళి ఉండొచ్చు కాబట్టి ఆ చిరునామాలు ఇప్పటివేనా అన్నది కూడా చూడండి.

నాలుగో పని: పొలం నడవండి

ఈ మొత్తం ప్రక్రియలో విలువైన పని ఇదే. భూమిని చూడకుండా హియరింగ్‌కు వెళ్ళినవాళ్ళ మాటలు అందరి మాటల్లాగే ఉంటాయి. చూసి వెళ్ళినవాళ్ళ మాటలకు కమిషనర్లు కలం తీస్తారు.

వాషింగ్టన్‌లో హానికర కలుపును మూడు తరగతులు చేశారు. ‘ఎ’ తరగతి రాష్ట్రంలో ఇంకా పెద్దగా పాకనివి, కనబడితే సమూలంగా తీసేయాల్సినవి. ‘బి’ కొన్ని ప్రాంతాల్లో పాకి కొన్నిట్లో పాకనివి, పాకని చోట ఆపాల్సినవి. ‘సి’ చాలాచోట్ల ఉన్నవి, వాటి సంగతి కౌంటీ తేల్చుకుంటుంది. పిటిషన్‌లో రాసిన ప్రతి మొక్కా ఏ తరగతిదో రాష్ట్ర జాబితాలో చూడండి. జాబితాను ఏటా సవరిస్తారు, ఈ ఏటిదే చూడాలి.

మీకు బాగా తెలిసిన మొక్క ఒకటి ఆ జాబితాలో ఉంది. పల్లేరు. మన చేలగట్ల మీద, బండ్ల బాటల మీద చెప్పుల్లేని కాళ్ళను పొడిచే పల్లేరు కాయే తూర్పు వాషింగ్టన్‌లో సైకిలు టైర్లను దించేస్తోంది. అక్కడ దాన్ని పంక్చర్‌వైన్ అంటారు, ‘బి’ తరగతిలో పెట్టారు. నేలకు అంటుకుని పాకే తీగ, చిన్న పసుపుపచ్చ పువ్వు, కొమ్ములున్న కాయ. చూడగానే గుర్తుపడతారు. దీన్ని తినే రెండు రకాల ముక్కుపురుగులను 1961లో ఇటలీ నుంచి తెచ్చి అమెరికాలో వదిలారు. చలి గట్టిగా ఉండే చోట అవి నిలదొక్కుకోవు, కాబట్టి పిటిషన్‌లో ‘జీవ నియంత్రణ’ అని రాసి ఉంటే ఏ మొక్కకు ఏ పురుగు, ఇక్కడి శీతాకాలం తట్టుకుంటుందా అని అడగండి.

మిగతావాటిలో కొన్ని తప్పక తెలిసి ఉండాలి. ఎల్లో స్టార్‌థిసిల్ పువ్వు కింద పొడుగాటి ముళ్ళుంటాయి. దాన్ని రోజుల తరబడి మేసిన గుర్రాలకు మెదడు దెబ్బతిని నోరు కదలదు, మళ్ళీ కోలుకోవు. రష్ స్కెలిటన్‌వీడ్ ఆకులే లేనట్టు పుల్లల్లా నిలబడి ఉంటుంది, విరిస్తే పాలు కారతాయి. దాన్ని దుక్కి దున్ని తీద్దామనుకుంటే వేళ్ళు ముక్కలై ప్రతి ముక్కా మొలుస్తుంది, గింజలేమో దూదిలా గాలికి ఎగురుతాయి. లీఫీ స్పర్జ్ వేళ్ళు 15 అడుగులు దాటి దిగగలవు. కోషియా ఎండిపోయాక మొదలు విరిగి దొర్లుకుంటూ దారి పొడవునా గింజలు చల్లుతుంది. జాన్సన్ గడ్డి మన జొన్నకు దగ్గరి చుట్టం, వాషింగ్టన్‌లో అది ‘ఎ’ తరగతి. అంటే డిస్ట్రిక్ట్ ఉన్నా లేకపోయినా మీ భూమిలో కనబడితే తీసేయాల్సిన బాధ్యత మీదే.

హద్దు పొడవునా నడవండి. కలుపు ఎక్కువగా కనబడేది పొలం నడిమధ్యన కాదు. కాలువ గట్టు, రోడ్డు అంచు, గేటు దగ్గర బండ్లు తిరిగే చోటు, పశువులకు ఎండుగడ్డి వేసిన చోటు, పాత రైలుకట్ట, ఇవి చూడాలి. ప్రతి ఫొటోలోనూ మొక్క దగ్గరి నుంచి ఒకటి, చుట్టుపక్కల ఆనవాలు కనబడేలా దూరం నుంచి ఒకటి తీయండి. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. ఎక్కడా కలుపు లేకపోతే అది కూడా ఫొటో తీయండి, ‘మా భూమిలో లేదు’ అన్న మాటకు అదే సాక్ష్యం.

హియరింగ్ చలికాలంలో పడితే పచ్చటి మొక్క కనబడదు. పల్లేరు మంచు పడగానే చచ్చిపోతుంది. అప్పుడు నేలమీద రాలిన కాయలు, బూటు అడుగున గుచ్చుకున్న ముళ్ళు, ఎండి నిలబడ్డ కాడలు చూడాలి. కౌలు రైతు ఉంటే ఆయన ఎండాకాలంలో తీసిన ఫొటోలు అడగండి. రోజూ ఆ నేల మీద తిరిగేది ఆయనే. మీకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

మొక్క పేరు తేలకపోతే ఊహించి చెప్పకండి. కౌంటీ కలుపు బోర్డు సిబ్బందికో, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకో ఫొటో పంపి పేరు తేల్చుకోండి.

అయిదో పని: మీకు కావాల్సిందేమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

‘అనుకూలం’, ‘వ్యతిరేకం’ అన్న రెండే దారులు ఉన్నాయనుకోవడం వల్లే చాలామంది వట్టి చేతులతో తిరిగొస్తారు. హద్దులు ఖాయం చేసేది కమిషనర్లు. కాబట్టి మధ్యలో ఎన్నో అడగవచ్చు. ఈ పార్సెల్‌ను హద్దు బయట ఉంచండి, ఈ మొక్కను జాబితాలోంచి తీయండి, కాలువ గట్టును కూడా లోపలికి లెక్కించండి, హియరింగ్‌ను వాయిదా వేసి మ్యాపు సరిచేయించండి. ఇలా ఏదో ఒకటి స్పష్టంగా ఉండాలి.

హద్దు గురించి అడిగేటప్పుడు ‘లాభం’ అన్న మాట చుట్టూ మాట్లాడండి. డిస్ట్రిక్ట్ వసూలు చేసే సొమ్ము భూమికి కలిగే లాభాన్నిబట్టి ఉండాలన్నది ఈ చట్టం వెనకున్న ఆలోచన. నీళ్ళు పారే పొలం, మెట్ట గోధుమ పొలం, పచ్చిక బీడు, నల్లరాతి గుట్ట, వీటన్నిటికీ ఒకే లాభం ఉండదు. మీ 60 ఎకరాల్లో 25 ఎకరాలు రాతినేల అయితే అసెసర్ రికార్డు, ఫొటోలు పెట్టి ఆ మాట చెప్పండి. మినహాయింపు దొరక్కపోయినా, రేపు తరగతులు నిర్ణయించేటప్పుడు ఈ రికార్డు మీకు పనికొస్తుంది.

మొక్కల జాబితా మీద నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. పది పన్నెండు మొక్కలు రాసిన పిటిషన్ కంటే మూడు నాలుగు రాసిన పిటిషన్ మంచిది. ఫీల్డ్ బైండ్‌వీడ్ లాగా ఊరంతా పాకిపోయిన ‘సి’ తరగతి తీగను చిన్న డిస్ట్రిక్ట్ నిర్మూలించలేదు. ఆ పేరు జాబితాలో పెట్టుకుంటే డబ్బంతా దానికే పోతుంది. అప్పుడే అడుగుపెట్టిన మొక్కను మొదటి రెండేళ్ళలో పట్టుకుంటే ఆ డిస్ట్రిక్ట్‌కు పెట్టిన ప్రతి డాలరూ సార్థకమే. అందుకని ‘ఈ జాబితాలో ఏవి కొత్తగా వచ్చినవి, ఏవి పాతుకుపోయినవి?’ అని అడగండి.

ఇంకొన్ని ప్రశ్నలు మీ పరిస్థితినిబట్టి ఎంచుకోండి. అన్నీ అడగబోతే ఒక్కదానికీ సరైన జవాబు రాదు.

కాలువ గట్లు, కౌంటీ రోడ్ల అంచులు, ఫెడరల్ భూములు ఎవరు శుభ్రం చేస్తారు? కలుపు గింజ వచ్చేది అక్కడి నుంచే అయినప్పుడు వాటిని వదిలేసి రైతు పొలం మీదే పడితే ఏటేటా అదే పని, అదే ఖర్చు.

కౌంటీ కలుపు బోర్డుకు ఇప్పటికే ఎకరానికి ఇంతని కడుతున్నామా? కడుతుంటే ఇది దానికి అదనమా, బదులా?

మందు కొడితే ఏది, ఎప్పుడు, ఎవరు కొడతారు? ద్రాక్షతోట పక్కన 2,4-డి అనే కలుపు మందు గాలికి కొట్టుకొస్తే ఆకులు ముడుచుకుపోయి పంట పోతుంది. తూర్పు వాషింగ్టన్‌లో ఇది మామూలు భయం కాదు. మీది సేంద్రియ ధ్రువీకరణ ఉన్న పొలమైతే ఇంకా జాగ్రత్త కావాలి. నిషిద్ధ మందు పడిన నేల మళ్ళీ ధ్రువీకరణకు రావాలంటే 36 నెలలు ఆగాలి. అందువల్ల ‘నా పొలంలో కలుపు నేనే చేత్తోనో యంత్రంతోనో తీసుకుంటాను, గడువు ఇచ్చి చూడండి’ అన్న ఏర్పాటు ఉంటుందా అని హియరింగ్‌లోనే, రికార్డులో పడేలా అడగండి. తేనెపెట్టెలు ఉన్నవాళ్ళు పూత సమయం గురించి అడగాలి.

కౌలుకిచ్చిన భూమి అయితే ఈ అసెస్‌మెంట్ ఎవరు కట్టాలన్నది కమిషనర్లు చెప్పరు, మీ కౌలు ఒప్పందం చెప్పాలి. అది ముందే చూసుకుని రైతుతో మాట్లాడండి. సీఆర్‌పీలో (సాగు ఆపి నేలను కాపాడినందుకు ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) పెట్టిన భూమి అయితే కలుపు అదుపు చేయాలన్న షరతు ఆ కాంట్రాక్టులోనే ఉంటుంది. ‘మేం ఇప్పటికే చేస్తున్నాం’ అని చూపించడానికి ఆ ఖర్చుల రశీదులు జతచేయండి.

ఆరో పని: ఉత్తరం పంపండి

హియరింగ్‌కు వెళ్ళేవాళ్ళు కూడా ఉత్తరం పంపాలి. మాట్లాడటానికి ఇచ్చే రెండు మూడు నిమిషాల్లో చెప్పలేనిది ఉత్తరంలో ఉంటుంది. పైగా అది రికార్డులో నిలుస్తుంది. ఒక పేజీ చాలు. క్లర్క్‌కు పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోండి. కమిషనర్లకు విడిగా ఫోన్లు చేయడం కంటే ఇదే మంచి పద్ధతి, అందరి ముందూ ఒకే కాగితం ఉంటుంది.

ఇంగ్లీషులో రాసేముందు మనసులో తెలుగులో ఇలా కూర్చుకోండి:

‘నేను ఫలానా పార్సెల్ యజమానిని. మొత్తం 60 ఎకరాలు. అందులో 35 ఎకరాలు గోధుమ, 25 ఎకరాలు రాతి బీడు. ప్రతిపాదిత డిస్ట్రిక్ట్‌కు నేను అనుకూలం, ఒక మార్పుతో. నా భూమికి ఉత్తరాన ఉన్న రోడ్డు అంచులో జులైలో రష్ స్కెలిటన్‌వీడ్ కనబడింది, ఫొటో 1, 2 చూడండి. పిటిషన్‌లోని మ్యాపు ఆ రోడ్డును హద్దు బయట ఉంచింది. దాన్ని లోపలికి తెచ్చే మార్గం లేకపోతే, రోడ్ల విభాగం ఏటా అక్కడ కలుపు తీసేలా లిఖితపూర్వక ఏర్పాటు చేయండి. ఫొటో 3 నుంచి 6 వరకు ఉన్న రాతి బీడులో పిటిషన్‌లో పేర్కొన్న మొక్కలేవీ లేవు. ఆ 25 ఎకరాలను హద్దు నుంచి మినహాయించాలని కోరుతున్నాను.’

చూశారా, ఇందులో పొగడ్త లేదు, కోపం లేదు. భూమి, మొక్క, ఫొటో, కోరిక, అంతే. ఎవరి పేరూ తీసి నిందించలేదు. రేపు కలుపు తీసేటప్పుడు గట్టు పక్కన నిలబడేది ఆ పొరుగాయనే.

ఏడో పని: ఆ రోజు

వాషింగ్టన్ బహిరంగ సమావేశాల చట్టం 1971 నుంచి ఉంది. హాజరు కావడానికి పేరు నమోదు చేయనక్కర్లేదు. మాట్లాడాలంటే మాత్రం తలుపు దగ్గరి షీటులో పేరు రాయాలి, ముందుగా వెళ్ళండి. ఆన్‌లైన్‌లో మాట్లాడే వీలుందా, ఫొటోలు తెరమీద చూపవచ్చా అని ముందురోజే క్లర్క్‌ను అడగండి. ఇంగ్లీషులో చెప్పడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్ళ పేరు మీద భూమి ఉంటే, అనువాదకుడి ఏర్పాటు గురించి కూడా ముందే అడగాలి. లేదా వాళ్ళు సంతకం చేసిన ఉత్తరాన్ని మీరు చదివి వినిపించండి.

మీ వంతు రాగానే పేరు, పార్సెల్ ఎక్కడుందో చెప్పి, ముందు మీ కోరిక చెప్పండి. కారణాలు తర్వాత. మనకు అలవాటైన పద్ధతిలో ఉపోద్ఘాతంతో మొదలుపెడితే కోరిక దగ్గరికి వచ్చేసరికి గంట మోగుతుంది. మాట్లాడేది కమిషనర్లతో, వెనక కూర్చున్నవాళ్ళతో కాదు. ఎవరైనా ‘ఇక్కడ ఉండనివాళ్ళకు ఈ ఊరి సంగతి ఏం తెలుసు’ అన్నా తిరగబడి జవాబు చెప్పకండి. ఫొటోలు బల్లమీద పెట్టండి, అవే చెబుతాయి.

మీకంటే ముందు మాట్లాడినవాళ్ళు మీ మాటే చెప్పేస్తే మళ్ళీ మొత్తం చెప్పకండి. ‘ఆయన చెప్పింది నా పార్సెల్‌కు కూడా వర్తిస్తుంది’ అని, కొత్తగా ఉన్నదొక్కటే చెప్పి కూర్చోండి. హియరింగ్ వాయిదా పడితే కొత్త తేదీ, గంట అక్కడే రాసుకోండి. మీ ఇంటికి మళ్ళీ ఉత్తరం వస్తుందని ఎదురుచూడకండి.

తర్వాత

కమిషనర్లు డిస్ట్రిక్ట్ ఏర్పాటు చేస్తే తీర్మానం నకలు తెప్పించుకుని, హద్దు వర్ణన మీ పార్సెల్‌తో సరిపోయిందో చూడండి. ఆ తర్వాత డైరెక్టర్లను ఎన్నుకునే సమావేశం పిలుస్తారు. హియరింగ్‌కు వచ్చిన జనంలో సగం మంది దీనికి రారు, నిజానికి రాబోయే ఏళ్ళలో ఎక్కడ మందు కొట్టాలో, ఎవరికి నోటీసు ఇవ్వాలో తేల్చేది ఈ ముగ్గురే. ఓటు వేసే అర్హత షరతులు పిటిషన్ షరతుల కంటే వేరుగా ఉంటాయి కనుక పౌరసత్వం లేనివాళ్ళు, ఎల్‌ఎల్‌సీ యజమానులు, ఊళ్ళో ఉండనివాళ్ళు ముందే క్లర్క్‌ను అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. మీకు ఓటు లేకపోయినా నేల తెలిసిన పొరుగు రైతును నిలబడమని అడగవచ్చు.

చివరిది భూముల తరగతుల హియరింగ్. డైరెక్టర్లు ఏటి ఖర్చు అంచనా వేసి, భూములను తరగతులుగా విడగొట్టి ఎకరానికి ఇంతని వేస్తారు. మీ రాతినేలను సాగునేల తరగతిలో వేశారేమో అప్పుడే చూసి అభ్యంతరం పెట్టాలి. ఖాయమైన సొమ్ము ఆస్తి పన్నుతో పాటే వసూలవుతుంది, కట్టకపోతే భూమి మీద బకాయిగా నిలుస్తుంది. వాషింగ్టన్‌లో ఆస్తి పన్ను గడువులు ఏప్రిల్ 30, అక్టోబర్ 31. బ్యాంకు ఎస్క్రో ఖాతా (పన్నుల కోసం మీ నుంచి ముందే తీసి ఉంచే సొమ్ము) నుంచి కట్టేస్తోందని వదిలేయకుండా, ట్రెజరర్ పంపిన స్టేట్‌మెంట్ తెరిచి వీడ్ అసెస్‌మెంట్ వరసలో ఎన్ని ఎకరాలు, ఏ తరగతి అని రాశారో చూడండి.